అమ్మమ్మ తెల్లచీర నీలంగా ఎందుకు పడింది?

వేసవిలో ఒకరోజు సాయంత్రం నాలుగింటికి అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఇంటి నీడ అరుగు దాటి వీధిలోకి పరుచుకుంది. ఫోటో తీసి చూపిస్తే, కట్టుకున్న తెల్ల నేతచీర అంచును ఒకసారి, కెమెరా తెరను ఒకసారి చూసుకుంది. "ఇదేంట్రా, నీలిమందు ఎక్కువైనట్టుంది?" అంది.

మధ్యాహ్నం పెట్టిన డేలైట్ సెట్టింగే, అంటే ఎండ వెలుగుకు రంగులు సరిచేసే సెట్టింగే, కెమెరాలో ఇంకా ఉంది. చీర మీద పడుతున్న వెలుగు మాత్రం మారిపోయింది. నీడలోకి ఎండ నేరుగా రాదు, వచ్చే వెలుగులో చాలా భాగం ఆకాశానిదే. గాలిలోని అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా చెదరగొడతాయని 1871లో లార్డ్ రేలీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త లెక్కగట్టాడు. ఆ లెక్కన 450 నానోమీటర్ల నీలం 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. ఆకాశం నీలంగా ఉండేది అందుకే, దాని వెలుగులో కూర్చున్న మనిషి చీర నీలంగా పడేదీ అందుకే.

మరి ఎదురుగా చూస్తే ఆ చీర తెల్లగానే ఎందుకుంది? మన కంట్లో రంగును పసిగట్టే కణాలు మూడు రకాలు. చుట్టూ ఏ రంగు వెలుగు ఎక్కువైతే ఆ రంగుకు స్పందించే కణాలు కాస్త మొద్దుబారి సర్దుకుంటాయని, మూడు రకాలూ దేనికవి విడిగా సర్దుకుంటాయని 1902లో ఫాన్ క్రీస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ చేసేదీ దాదాపు ఇదే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలను వేర్వేరు సంఖ్యలతో హెచ్చవేసి, తెల్లని వస్తువులో మూడూ సమానమయ్యేలా చూస్తుంది. ఎంతతో హెచ్చవేయాలో తెలియాలంటే, పడుతున్న వెలుగు ఎలాంటిదో దానికి తెలియాలి.

ఆ సంగతి వేడిని కొలిచే కెల్విన్లలో చెబుతారు. కొలిమిలో ఇనుము వేడెక్కేకొద్దీ ఎర్రగా, తర్వాత పసుపుగా, ఆపైన తెల్లగా మారుతుంది. ఇంకా వేడెక్కించగలిగితే ఆ తెలుపు నీలానికి తిరుగుతుంది. ఎంత వేడి దగ్గర అలాంటి రంగు వస్తుందో, ఆ సంఖ్యనే వెలుగుకు గుర్తుగా వాడతారు. దీపం వెలుగు సుమారు 1,900 కెల్విన్లు, మధ్యాహ్నపు ఎండ 5,500, మబ్బు పట్టిన రోజు 6,000 నుంచి 6,500, నీడ 7,000 నుంచి 8,000. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. నీలం వెలుగుకు పెద్ద సంఖ్య కదా అని 7,500 పెడితే ఫోటో పసుపుకు తిరుగుతుంది. మనం పెట్టేది మనకు కావలసిన రంగు కాదు, అక్కడున్న వెలుగు వివరం. వెలుగు నీలంగా ఉందని చెప్పాం కాబట్టి కెమెరా పసుపు కలిపి సరిచేస్తుంది.

అమ్మమ్మ నీలిమందు వాడేదీ ఈ సూత్రంతోనే. నూలుబట్ట వాడగా వాడగా పసుపెక్కుతుంది. దానికి చిటికెడు నీలం తోడైతే కంటికి తెల్లగా తోస్తుంది. ఇప్పటి సబ్బుపొడుల్లో, కాగితాల్లో మెరుపు రసాయనాలుంటాయి. అవి ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలం వెలుగుగా వదులుతాయి. అందుకే ఉతికిన తెల్లచొక్కానో కాగితాన్నో ఆధారం చేసుకుని వైట్ బ్యాలెన్స్ కొలిస్తే ఫోటో కొద్దిగా పసుపుకు తిరగొచ్చు. ఇందుకోసమే తయారుచేసిన బూడిదరంగు కార్డు నమ్మకమైనది.

వెలుగును కెమెరాయే అంచనా వేసుకునే ఆటో సెట్టింగుకి అన్నీ వదిలేయొచ్చు కదా అంటారు. చాలాసార్లు వదిలేయొచ్చు. దృశ్యంలోని రంగులన్నీ కలిపితే సగటున బూడిదరంగు వస్తుందన్నది ఆటో వెనకున్న పాత ఊహ. ఇప్పటి కెమెరాలు అంతకంటే తెలివైనవే. అయినా బంతిపూల రాశి తెరంతా నిండితే, ఆ నారింజరంగు వెలుగుదని పొరబడి నీలం కలిపే ప్రమాదం ఉంది. అప్పుడు పూలు వాడిపోయినట్టు పడతాయి. సూర్యాస్తమయమప్పుడు ఆటో పెట్టడం నాకు అసలు ఇష్టం ఉండదు. మనం తీయాలనుకున్న ఎర్రదనాన్నే అది లోపమనుకుని తగ్గిస్తుంది. అక్కడ డేలైట్ పెట్టి వదిలేయండి.

చెట్టు కింద సమస్య వేరు. ఆకుల గుండా దిగే వెలుగు ఆకుపచ్చగా ఉంటుంది, ముఖం మీద ఆ పచ్చదనం తేలుతుంది. కెల్విన్ సంఖ్య నీలానికీ పసుపుకీ మధ్య మాత్రమే జరుగుతుంది కాబట్టి ఇక్కడ అదొక్కటే సరిపోదు. టింట్ అనే రెండో సర్దుబాటును ఆకుపచ్చకు ఎదురైన మెజెంటా (ముదురు గులాబీ) వైపు కొద్దిగా జరపాలి. కెమెరా పట్టిన వెలుగు వివరాలను సరిదిద్దకుండా దాచే రా ఫైలుగా తీస్తే ఇవన్నీ ఇంటికొచ్చి తీరిగ్గా మార్చుకోవచ్చు. మామూలుగా వాడే జేపెగ్ ఫైలులో రంగు అప్పటికే ఖాయమైపోతుంది, తర్వాత కొంతవరకే సర్దగలం.

మర్నాడు అదే వేళకు నీడ కోసం ఉండే షేడ్ సెట్టింగు పెట్టి మళ్లీ తీశాను. చీర తెల్లగా పడింది, అమ్మమ్మ చెంపల్లోకి రంగు వచ్చింది. ఆమె వెనక, వీధి చివర ఎండలో ఉన్న గోడ మాత్రం పసుపు పూసినట్టు పడింది. ఒకే ఫోటోలో రెండు వెలుగులున్నప్పుడు ఒక సెట్టింగు రెండింటికీ సరిపోదు. నాకు అమ్మమ్మ ముఖమే ముఖ్యం. గోడను అలాగే ఉంచాను.