ఇనుము కోసి సెకన్లు కొన్న కార్లు

డ్రాగ్ రేసుల కోసమే కట్టిన 1964 ఫోర్డ్ ఫెయిర్‌లేన్ థండర్‌బోల్ట్‌కు ఎదురుగా నిలబడితే, నాలుగు హెడ్‌లైట్లు ఉండాల్సిన చోట రెండే కనిపిస్తాయి. లోపలి జత పీకేసి ఆ జాగాలో జాలీలు బిగించారు. జాలీల వెనక నుంచి రెండు లావు గొట్టాలు నేరుగా కార్బ్యురేటర్ల మీది ఎయిర్‌క్లీనర్‌కు వెళ్తాయి. బానెట్ కింద 60 డిగ్రీల వేడి గాలి పీల్చే ఇంజన్‌కు బయటి 30 డిగ్రీల గాలి అందిస్తే, అదే సిలిండర్‌లో దాదాపు పది శాతం ఎక్కువ గాలి పడుతుంది. గాలి పెరిగితే పెట్రోలు పెంచొచ్చు, బలం పెరుగుతుంది. పైగా రెండు లైట్ల బరువూ పోయింది. ఈ కారులో ఎక్కడ చూసినా ఇదే తెలివి.

డ్రాగ్ రేసంటే నిలబడ్డ చోటి నుంచి పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నటి పరుగు. ఇంజన్ బలం అంతే ఉందనుకుంటే, ఆ దూరానికి పట్టే సమయం బరువును బలంతో భాగించగా వచ్చే సంఖ్య ఘనమూలాన్ని అనుసరిస్తుంది. బరువు పది శాతం తగ్గితే సమయం మూడున్నర శాతం తగ్గుతుంది. 12 సెకన్ల కారుకు అది 0.4 సెకన్లు. వినడానికి చిన్నదే. కానీ గీత దగ్గర గంటకు 190 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు 0.4 సెకన్లలో 21 మీటర్లు పోతుంది. అంటే నాలుగు కార్ల పొడవు తేడా! ఇదే లాభం ఇంజన్ నుంచి రాబట్టాలంటే బలం 11 శాతం పెంచాలి. అమెరికాలో ఈ రేసులు నడిపే నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఇంజన్ సైజును 427 ఘనపు అంగుళాల (7 లీటర్ల) దగ్గర ఆపేసింది కాబట్టి ఆ దారి ఇరుకైపోయింది. కంపెనీలు రంపం పట్టింది అందుకే.

కంపెనీ కార్లు పోటీపడే సూపర్ స్టాక్ తరగతికి కనీస బరువు 3,200 పౌండ్లు, సుమారు 1,450 కిలోలు. దాన్ని అందుకోవడానికి ఫోర్డ్ పెద్ద గెలాక్సీని వదిలి మధ్యరకం ఫెయిర్‌లేన్‌ను ఎంచుకుంది. డియర్‌బోర్న్ స్టీల్ ట్యూబింగ్ అనే సంస్థ చేత అందులో 427 ఇంజన్ ఇరికించింది. చోటు చాలక సస్పెన్షన్ టవర్లు కోయాల్సి వచ్చింది. ఎగ్జాస్ట్ గొట్టాలను సస్పెన్షన్ సందుల్లోంచి మెలికలు తిప్పి కిందికి దించారు. బానెట్, ముందు మడ్‌గార్డులు ఫైబర్‌గ్లాస్. పక్క కిటికీలకు గాజు బదులు ప్లెక్సీగ్లాస్. దాని సాంద్రత గాజులో సగం కంటే తక్కువ. రేడియో, హీటర్, సన్‌వైజర్లు, ఆర్మ్‌రెస్టులు, చప్పుడు ఆపే పూత, పక్క సీటు వైపు వైపర్, డిక్కీలో స్టెప్నీ అన్నీ పోయాయి. మొత్తం 100 కార్లు కట్టారు. మొదటి 11 ముదురు ఎరుపు, మిగతావి తెలుపు. కాగితం మీద 425 హార్స్‌పవర్ అని రాశారు గానీ అసలు బలం అంతకు బాగా ఎక్కువే.

నా దృష్టిలో ఈ కారులో అన్నిటికన్నా గొప్ప పని బ్యాటరీది. లారీలకు వాడే రకం బరువైన బ్యాటరీని తెచ్చి డిక్కీలో కుడి మూల పెట్టారు. ఇంత బరువు కోసినవాళ్లు ఇదెందుకు మోశారు? కారు ఒక్కసారిగా ఉరికినప్పుడు బరువు వెనక్కి ఒరుగుతుంది. 1,450 కిలోల కారు, 2.93 మీటర్ల వీల్‌బేస్, గరిమనాభి 0.55 మీటర్ల ఎత్తులో ఉందనుకుని, గురుత్వ త్వరణంలో 0.8 వంతు పికప్‌తో లెక్కేస్తే సుమారు 220 కిలోల భారం ముందు చక్రాల నుంచి వెనక చక్రాలకు మారుతుంది. అది మంచిదే, పట్టు పెరుగుతుంది. చిక్కు మరోచోట ఉంది. ఇంజన్ బలాన్ని వెనక్కి మోసే డ్రైవ్‌షాఫ్ట్ తిరిగే దిశలోనే, వెనక చక్రాలను కలిపే ఆక్సిల్ కూడా మెలిపడబోతుంది. ఎడమ చక్రం నేలకు నొక్కుకుంటుంది, కుడి చక్రం తేలిపోతుంది. తేలిన టైరు పొగ తప్ప ఏమీ ఇవ్వదు. కుడి మూల బ్యాటరీ ఆ చక్రాన్ని అణిచి ఉంచుతుంది. ఎడమవైపు కమాన్ కట్టలో రెండు పట్టీలు, కుడివైపు మూడు వేసిందీ అందుకే. కోసిన బరువులో కొంత తిరిగి సరైన చోట పెట్టడం కూడా బరువు తగ్గించే విద్యలో భాగమే.

జనరల్ మోటార్స్‌కు చెందిన పాంటియాక్ అంతకు ముందు ఏడాదే ఇంకా సాహసం చేసింది. 1963 కాటలినాల్లో 14 కార్ల ఛాసిస్ పట్టాలకు వందకు పైగా పెద్ద రంధ్రాలు తొలిచింది. ‘స్విస్ చీజ్’ (చిల్లులతో ఉండే జున్ను) అని పేరొచ్చింది వాటికే. దూలం వంగేటప్పుడు ఒత్తిడి పై అంచు, కింది అంచుల్లోనే ఎక్కువ. నడుమ తొలిస్తే పెద్దగా నష్టం లేదు. కానీ మూసిన పెట్టెలా ఉన్న పట్టాను ఒక పక్క తెరిస్తే మెలికను తట్టుకునే శక్తి అమాంతం పడిపోతుంది. డ్రాగ్ కారు ఛాసిస్‌కు పడేదేమో మెలికే. వీటి అల్యూమినియం ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, అంటే సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే గొట్టాలు, పావు మైలు పరుగుకే పనికొస్తాయి. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, ఎగ్జాస్ట్ వాయువు అంతకన్నా వేడి. ఇంజన్‌ను ఎక్కువసేపు బిగపట్టి నడిపితే మానిఫోల్డే కరగడం మొదలవుతుంది. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ రేసులకు సాయం ఆపేయడంతో ఈ ప్రయోగం అక్కడే ఆగింది.

1968లో క్రైస్లర్ 426 ఘనపు అంగుళాల హెమీ (అర్ధగోళాకార దహన గదులున్న) ఇంజన్‌ను డార్ట్, బారకుడా అనే చిన్న కార్లలో పెట్టి, హర్స్ట్ సంస్థతో కట్టించింది. తలుపుల రేకును ఆమ్లంలో ముంచి పలచన చేశారు. పక్క గాజులు సుమారు 2 మిల్లీమీటర్లే. ఎత్తడానికి యంత్రం లేదు, పట్టీ పట్టి లాగాలి. రంగు కూడా వేయకుండా, ప్రైమర్ మీదే అమ్మారు.

ఇలాంటి కారు చేతికొస్తే ముందు అల్ట్రాసోనిక్ మందం కొలిచే మీటరుతో తలుపు రేకు చూడాలి. మామూలు రేకు 0.8 నుంచి 0.9 మిల్లీమీటర్లు ఉంటుంది; ఆమ్లంలో ముంచినదైతే అంతకన్నా తక్కువ, అదీ లోపలా బయటా ఒకే తీరున చూపిస్తుంది. ఒక్కచోటే పలచగా ఉంటే ఎవరో తర్వాత గ్రైండర్ పట్టారని అర్థం. ఫైబర్‌గ్లాస్ బోల్టు రంధ్రాల దగ్గర చీలుతుంది కాబట్టి వెడల్పాటి వాషర్ వేసి, బిగింపు తగ్గించాలి. ప్లెక్సీగ్లాస్‌ను థిన్నరుతో గానీ పెట్రోలుతో గానీ తుడిస్తే సన్నని పగుళ్లు పాకుతాయి. సబ్బు నీళ్లు చాలు. అల్యూమినియం ఉక్కును తాకే చోట తడి చేరితే అల్యూమినియమే తినుకుపోతుంది, మధ్యలో ప్లాస్టిక్ వాషర్ ఉండాలి. ఆమ్లపు తలుపుల్లో అసలు శత్రువు రేకు మడతల అతుకుల్లో మిగిలిపోయిన ఆమ్లం. ఏళ్ల తర్వాత కూడా అది లోపల్నుంచి తింటుంది. అతుకు వెంబడి రంగు బుడగలా లేస్తే పైన గీకి కొత్త రంగు కొట్టడం దండగ. మడత విప్పి, సోడా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే ప్రైమర్ వేయాలి.