ముందు షట్టర్ చూడండి, తర్వాతే మోటర్: కారు షెడ్డు తలుపు మీద అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంటి కింద కారు షెడ్డు ఉంటే దానికి తలుపు సాధారణంగా రోలింగ్ షట్టరే. దానికి మోటర్ బిగించాక ఇంట్లోవాళ్లు మళ్లీ దానివంక చూడరు. ఒకరోజు మొరాయించగానే మోటర్ పోయిందంటారు. తప్పు మాత్రం చాలాసార్లు గైడ్‌లోనో (షట్టర్ పట్టీలు జారే పక్క గాడి), స్ప్రింగ్‌లోనో, కరెంటులోనో ఉంటుంది.

అపోహ: షట్టర్ బరువెక్కితే పెద్ద మోటర్ వేయిస్తే సరిపోతుంది.

ముందు మీది ఏ రకమో తెలుసుకోండి. షాఫ్ట్ (షట్టర్ చుట్టుకునే పైకడ్డీ) మధ్యలో బిగించే సెంట్రల్ మోటర్ అయితే బరువులో ఎక్కువ భాగం స్ప్రింగులే మోస్తాయి, మోటర్ తిప్పుతుందంతే. స్ప్రింగులు సడలితే ఆ బరువంతా మోటర్ మీద పడుతుంది. అప్పుడు పెద్ద మోటర్ వేయిస్తే జబ్బు దాగుతుందే గానీ పోదు.

పరీక్ష సులువే. షట్టర్ పూర్తిగా దించి, మెయిన్ ఆపి, బ్రేక్ విడిపించే తీగ లాగండి. చేత్తో నడుము ఎత్తుకు లేపి, పట్టు వదలకుండా కాస్త సడలించి చూడండి. ఉన్నచోటే నిలిస్తే బాగున్నట్టు. కిందికి గుంజితే స్ప్రింగులు బిగించాలి. అది మిస్త్రీ పని, ఇంట్లో ముట్టుకోకండి. షట్టర్ పైన ఉన్నప్పుడు ఆ తీగ ఎట్టి పరిస్థితిలోనూ లాగకూడదు. స్ప్రింగ్ తెగి ఉంటే మొత్తం బరువు ఒక్కసారిగా మీద పడుతుంది.

పక్క గోడకు బిగించే సైడ్ మోటర్లకు సాధారణంగా స్ప్రింగులు ఉండవు. అక్కడ బరువు పట్టేది గేర్లూ బ్రేకూ. వాటికి ఈ పరీక్ష వద్దు. మెయిన్ ఆపి, చేతి గొలుసు లాగి, ఎక్కడ బిగుస్తోందో చూస్తే చాలు.

అపోహ: అన్నిచోట్లా గ్రీజు దట్టంగా పూస్తే షట్టర్ నున్నగా నడుస్తుంది.

గైడ్‌లో గ్రీజు పూయడమే అరుగుదలకు మొదలు. కోరాపుట్, రాయగడ ఎర్రదుమ్ము ఆ గ్రీజుకు అంటుకుని నల్లటి ముద్దవుతుంది. వేలితో తీసి నలిపితే ఇసుకలా కరకరలాడుతుంది. పట్టీల అంచులను రాకేది అదే. కిరసనాయిలు గుడ్డతో గైడ్ లోపల తుడిచి, ఆరనిచ్చి, పల్చగా సిలికాన్ స్ప్రే కొట్టండి. మోటర్ గొలుసుకు మాత్రం నూనె కావాలి. నాలుగు చుక్కలు వేసి, మిగిలింది తుడిచేయండి. మధ్యలో వేలితో నొక్కితే గొలుసు అర అంగుళం మేర కదలాలి. అంతకన్నా వదులైతే పళ్ల మీద దాటుతుంది, మరీ బిగువైతే బేరింగ్ తింటుంది. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేది అడుగు పట్టీకే. దాన్ని వారానికోసారి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి.

అపోహ: మోటర్ హూఁ అని మూలిగి తిరగకపోతే కాలిపోయినట్టే.

వెంటనే బటన్ వదిలేయండి. అలాగే నొక్కిపట్టుకుంటే నిజంగానే కాలుతుంది. తర్వాత వోల్టేజి కొలవండి. మోటర్ బలం వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది: 230 ఉండాల్సిన చోట 180 వస్తే మిగిలే బలం సుమారు 61 శాతమే. పొద్దున లేచే షట్టర్ రాత్రి ఏడింటికి లేవకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. వోల్టేజి బాగున్నా మూలుగు పోకపోతే, మోటర్ తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చే కెపాసిటర్‌ని అనుమానించాలి. పాతదాని మీద రాసున్న మైక్రోఫారడ్ విలువే కొత్తదానికీ ఉండాలి, దాని వోల్టు రేటింగ్ తక్కువ కాకూడదు. మెయిన్ ఆపినా అందులో చార్జి మిగిలి ఉంటుంది, కాబట్టి ఎలక్ట్రీషియన్‌తోనే మార్పించండి.

వరసగా నాలుగైదు సార్లు ఎత్తి దించాక ఆగిపోతే అది వేడికి పడే రక్షణ స్విచ్. అరగంట చల్లారనివ్వండి.

అపోహ: లిమిట్ ఒకసారి పెడితే జీవితాంతం అంతే.

అన్నిటికన్నా ఖరీదైన నష్టం ఇక్కడే జరుగుతుంది. లిమిట్ అంటే షట్టర్ ఎక్కడ ఆగాలో చెప్పే రెండు చిన్న స్విచ్‌లు. చాలా సైడ్ మోటర్లలో మరల కడ్డీ మీద రెండు నట్లు జరుగుతూ వచ్చి వాటిని నొక్కుతాయి. కడ్డీ తిప్పే చిన్న గొలుసు జారితే షట్టర్ నేలను తాకాక కూడా షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. పట్టీలు పైన వదులై, ఎదురు చుట్టుకుని, పెట్టెలో ఇరుక్కుంటాయి. సర్దేటప్పుడు మెయిన్ ఆపి, నట్టు ఒక్క గాడి మాత్రమే తిప్పి, మళ్లీ నడిపి చూడండి. అడుగు పట్టీ నేలను తాకితే చాలు, నొక్కక్కర్లేదు. పైన మాత్రం అది గైడ్ దాటి బయటికి రాకూడదు.

త్రీఫేజ్ ఉన్నవాళ్లకు మరో ముప్పు: గాలివాన తర్వాత లైన్ సర్దినప్పుడు రెండు ఫేజులు తారుమారైతే మోటర్ ఎదురు తిరుగుతుంది, లిమిట్ పనికిరాదు. కరెంటు పని ఏది జరిగినా షట్టర్‌ను సగంలో ఉంచి ‘పైకి’ నొక్కి చూడండి. కిందికి వస్తే వెంటనే ఆపేయండి.

అపోహ: కింద పిల్లలుంటే దానంతటదే ఆగుతుంది.

ఆగదు. మామూలు షట్టర్ మోటర్‌కు లిమిట్ తప్ప ఇంకేదీ తెలియదు. అమెరికాలో ఇళ్ల గ్యారేజీ తలుపు మోటర్లకు ఇలాంటి రక్షణ 1993 నుంచి తప్పనిసరి. మనం అడిగి పెట్టించుకోవాలి. కిరణానికి ఏదైనా అడ్డొస్తే షట్టర్‌ను ఆపే ఫొటో సెన్సర్ జత నేల నుంచి ఆరంగుళాలకు మించని ఎత్తులో ఎదురెదురుగా బిగించాలి. నెలకోసారి షట్టర్ దిగుతుండగా దూరం నుంచి కర్రను ఆ కిరణానికి అడ్డం పెట్టి చూడండి. సెన్సర్ లేని ఇంట్లో షట్టర్ కనిపించని చోటు నుంచి రిమోట్ నొక్కకండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

అపోహ: తుపానులో మోటర్ బ్రేకే షట్టర్‌ను పట్టుకుంటుంది.

బ్రేక్ ఆపేది దిగడాన్ని. గాలి మాత్రం పట్టీలను మధ్యలో వంచి గైడ్‌లోంచి లాగేస్తుంది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లాను ఊడ్చింది. ఇక్కడ కట్టేవాళ్లు పట్టీల కొసలకు గైడ్‌లో చిక్కే విండ్ లాక్‌లు ముందే అడగాలి. హెచ్చరిక రాగానే కింది గడియలు రెండువైపులా వేసి, మెయిన్ ఆపేయండి. గడియ వేసుండగా ఎవరైనా రిమోట్ నొక్కితే అడుగు పట్టీ విల్లులా వంగిపోతుంది. అందుకే రిమోట్‌ను కూడా తాళంచెవుల గుత్తికే తగిలించి ఉంచండి, గడియలు తీశాకే మెయిన్ వేయండి.