అబ్‌స్ట్రాక్ట్ ఫాండెంట్ కేకు: విశాఖ ఉక్కపోతలో అపోహలు, వాస్తవాలు

ఫాండెంట్ అంటే కేకు మీద పొరగా కప్పే మెత్తటి చక్కెర ముద్ద; దాని మీదే నేను రంగులు వేస్తాను. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో రంగురంగుల అబ్‌స్ట్రాక్ట్ కేకు కావాలని విశాఖపట్నంలో నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఒకే మాట అంటారు: "బొమ్మలేమీ అక్కర్లేదండీ, ఊరికే రంగులు వేసేయండి, తొందరగా అయిపోతుంది కదా." ఈ పనిలో నాకు ఎదురయ్యే అపోహల్లో సగం ఆ 'ఊరికే' అన్న మాటలోనే ఉన్నాయి.

అపోహ: అబ్‌స్ట్రాక్ట్ అంటే చేతికి వచ్చినట్టు రంగులు పూయడమే.

వాస్తవం: కేకు మీద గులాబీని గీసినప్పుడు ఒక రేక వంకరపోయినా చూసేవారికి గులాబీయే కనబడుతుంది. ఆకారమే లేనిచోట కంటికి ఆనేవి రంగు, ఖాళీ, కుంచె జాడ మాత్రమే కనుక వాటిలో ఏది చెడినా దాచుకునే చోటు ఉండదు. అందుకే నేను ముందుగా కాగితం మీద చిత్తు వేస్తాను. 8 అంగుళాల గుండ్రటి కేకు చుట్టుకొలత సుమారు 25 అంగుళాలు ఉంటుంది. ఆ పొడవుతో, 4 అంగుళాల ఎత్తుతో కాగితపు పట్టీ కత్తిరించి, మామూలు వాటర్ కలర్స్‌తో నమూనా వేసి, అదే కొలత ఉన్న కేకు టిన్నుకు చుట్టి చూస్తాను. బల్ల మీద పరిచినప్పుడు ముచ్చటగా ఉన్న కూర్పు, టిన్నుకు చుట్టేసరికి రెండు కొసలూ కలిసేచోట తెగిపోయినట్టు కనబడడం నాకు ఇప్పటికీ మామూలే.

అపోహ: ఎన్ని రంగులు వాడితే అంత పండగగా ఉంటుంది.

వాస్తవం: పసుపు మీదికి ఊదా, ఎరుపు మీదికి ఆకుపచ్చ తడిగా ఉండగానే పాకితే మిగిలేది మట్టిరంగు. నేను మూడు ప్రధాన రంగులు, వాటికి తోడుగా తెలుపు, ఎక్కడైనా రెండు చోట్ల బంగారు రంగు తళుకు అన్న లెక్క దాటను. మూడో వంతు తెల్లగానే వదిలేస్తాను. లేత రంగులు ముందు వేసి, అవి ఆరాకే ముదురు రంగులకు వెళతాను. రంగుల పొందిక కోసం దూరం వెళ్లనక్కరలేదు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలను, అంటే 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మలను, ఒక వరుసలో పెట్టి చూడండి: ఒక్కో బొమ్మ మీద ఉండేవి కొద్ది రంగులే, అయినా వెలవెలబోయిన బొమ్మ ఒక్కటీ కనబడదు. ఒక పాప మొదటి పుట్టినరోజుకు ఆ ఎరుపు, ఆ పసుపు, ఆ ఆకుపచ్చలనే తీసుకుని, ఒకదానికొకటి తగలకుండా వెడల్పాటి పట్టలుగా వేశాను. నా పనుల్లో నాకు బాగా నచ్చినవాటిలో అదొకటి.

అపోహ: జెల్ రంగును (కేకులకు వాడే చిక్కటి రంగును) నీళ్లతో పలచన చేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: ఫాండెంట్‌లో అధిక భాగం మెత్తటి చక్కెర పొడి, దానికి తోడు గ్లూకోజ్ సిరప్, గ్లిజరిన్, ఏదో ఒక జిగురు పదార్థం. నీళ్లు తగిలితే చక్కెర కరుగుతుంది. అదే చోట కుంచెను రెండోసారి లాగితే పైపొర లేచి గుంట పడుతుంది. అందుకే రంగును త్వరగా ఆవిరయ్యే ఆల్కహాలుతో పలచన చేస్తారు. వోడ్కాలోనూ సగానికి పైగా ఉండేది నీరేనని మరచిపోయి కుంచెను తడిపి తడిపి వాడితే మళ్లీ అదే గతి. కుంచెను ముంచిన ప్రతిసారీ టిష్యూ మీద అద్ది, దాదాపు పొడిగా ఉండగా లాగాలి. ఆల్కహాలు వద్దనే ఇళ్లు మనవైపు చాలానే ఉంటాయి కాబట్టి నేను ఆర్డరు తీసుకునేటప్పుడే ఆ సంగతి చెప్పేస్తాను. వారికి కరిగించిన కోకో బటర్‌లో నూనెకు సరిపడే రంగులు కలిపి వేస్తాను. కోకో బటర్ ఒంటి వేడికే కరుగుతుంది కనుక మే నెలలో ఏసీ లేని గదిలో ఆ కేకు మీద వేలు పెడితే రంగు వేలికే వస్తుంది.

అపోహ: రంగులు వేశాక ఫ్రిజ్‌లో పెడితే భద్రం.

వాస్తవం: ఈ పాఠం నాకు ఒక ఆగస్టు నెల నేర్పింది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచిన రెండంతస్తుల కేకును ఉదయం వంటగది గట్టు మీద పెట్టి టీ తాగి వచ్చేసరికి దాని ఒళ్లంతా చెమర్చింది. నీలం పట్ట అంచు నుంచి సన్నటి ధార ఒకటి దిగి, కింది అంతస్తులోని తెల్లటి ఖాళీని నిలువునా చీల్చింది. సముద్రపు గాలిలోని తేమ చల్లటి ఉపరితలానికి తగలగానే నీరవుతుంది, ఆ నీటిని చక్కెర పీల్చుకుంటుంది. తప్పనిసరిగా ఫ్రిజ్‌లో పెట్టవలసి వస్తే కేకును అట్టపెట్టెలో పెట్టి మూసి ఉంచాలి. బయటికి తీశాక పెట్టె తెరవకుండానే గది వేడికి రానివ్వాలి. అప్పటికీ చెమర్చితే ముట్టుకోకుండా ఫ్యాను గాలికి వదిలేయడం మేలు.

క్రీము మీదనే ఫాండెంట్ కప్పమని అడిగేవారికి ఒక్క మాట: విప్డ్ క్రీము దాని బరువు మోయలేదు, దానిలోని తడికి ఫాండెంట్ జారిపోతుంది. నేను డార్క్ చాక్లెట్ గనాష్, అంటే చాక్లెట్‌ను క్రీముతో కరిగించి చేసే చిక్కటి పూత, వాడతాను. చలికాలంలో ఒక వంతు క్రీముకు రెండు వంతుల చాక్లెట్, ఎండాకాలంలో రెండున్నర వంతులు.

అపోహ: డబ్బా మీద 'నాన్‌టాక్సిక్' అని ఉంటే తినవచ్చు.

వాస్తవం: ఆ మాటకు విషం కాదని మాత్రమే అర్థం. మెరుపు పొడుల్లో కొన్ని ప్లాస్టిక్ తునకలే. తినదగినదైతే డబ్బా మీద పదార్థాల జాబితా, ఆహార లైసెన్సు సంఖ్య ఉంటాయి. మన దేశంలో ఆహారానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. అనుమతి లేని రోడమిన్-బి అనే అద్దకపు రంగు దొరికిందనే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. మరి పసుపు, బీట్‌రూట్ వాడవచ్చు కదా అంటే, వాడవచ్చు. పసుపులోని రంగు నీటిలో సరిగ్గా కరగదు గానీ ఆల్కహాలులో చక్కగా కరుగుతుంది. అయితే పసుపు మరక పడిన బట్టను ఎండలో ఆరేస్తే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలిసిందే; కిటికీ పక్కన పెట్టిన కేకు మీదా అదే జరుగుతుంది. గులాబీ, నీలం కలిపి చేసిన ఊదా కూడా వెలుతురులో అంతే: గులాబీ ముందుగా వెలిసిపోయి నీలం మిగులుతుంది.

ఇక ఆ 'తొందరగా' సంగతి. శనివారం సాయంత్రం వేడుకైతే బుధవారం స్పాంజి కాల్చి, గనాష్ పట్టించి రాత్రంతా గట్టిపడనిస్తాను. గురువారం సుమారు 3 మిల్లీమీటర్ల మందాన ఫాండెంట్ కప్పి, ఏసీ గదిలో మరునాటి దాకా ఆరనిస్తాను. 8 అంగుళాల కేకుకు 700 నుంచి 800 గ్రాములు పడుతుంది. శుక్రవారం పొరపొరకీ మధ్య పావుగంట ఆగుతూ రంగులు వేస్తాను. శనివారం కేకును ఒళ్లో కాకుండా కారు ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే చదునైన చోట పెట్టి, ఏసీ వేసి తీసుకువెళ్లమని చెబుతాను. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయో ఆ దారిలో వెళ్లేవారికి నేను చెప్పనక్కరలేదు.