హాకెన్ ముద్ర చూసి డబ్బు పోయకండి

పాత తుపాకులను భద్రపరచడం నా పని, పెన్సిల్వేనియాలో. నెల తిరిగేసరికి ఎవరో ఒకరు గుడ్డలో చుట్టిన రైఫిల్‌తో వస్తారు. "మా ముత్తాత రాకీ పర్వతాల్లో బీవర్లు (తోలు కోసం వేటాడే నీటి జంతువులు) పట్టేవాడు, ఇది ఆయన హాకెన్" అంటారు.

అపోహ: బీవర్ వేటగాళ్లందరి చేతిలోనూ హాకెన్ రైఫిలే ఉండేది.

వాస్తవం: జేకబ్, శామ్యూల్ హాకెన్ అన్నదమ్ములు సెయింట్ లూయిస్‌లో చిన్న దుకాణం నడిపారు. మంచి పనివాళ్లే, కానీ పెద్ద కంపెనీలకు కావలసినన్ని రైఫిళ్లు ఆ దుకాణంలో ఎలా తయారవుతాయి? తోళ్ల వ్యాపారం చేసే అమెరికన్ ఫర్ కంపెనీ 1820ల చివరి నుంచి మా రాష్ట్రంలోని బోల్టన్‌లో ఉన్న జె. జె. హెన్రీ కార్ఖానా నుంచి రైఫిళ్లు తెప్పించుకునేది. లాంకాస్టర్, ఇంగ్లిష్ అనే రెండు నమూనాలవి. మొదట్లో అన్నీ చెకుముకి రాయితో పేలేవే.

ఇక తేదీలు చూడండి. వేటగాళ్లు ఏటా కొండల్లో కలుసుకుని తోళ్లు అమ్ముకున్న సంతలు 1825లో మొదలై 1840తో ముగిశాయి. జేకబ్ కలరాతో పోయింది 1849లో. "ఎస్. హాకెన్" అని తమ్ముడి పేరు ఒక్కటే ఉన్న రైఫిళ్లు చాలావరకు ఆ తర్వాతివి. అలాంటిది ఆ సంతలకు వెళ్లిందని ఎలా నమ్ముతారు? అయినా ఈ పుకారు చావడం లేదు, దాని మీద బతికేవాళ్లున్నారు కనుక.

ఒకాయన పదవీ విరమణ డబ్బుతో కొన్న రైఫిల్ తెచ్చారు. భూతద్దం కింద పెట్టాను. గొట్టమంతా తుప్పు తిన్న గుంటలు, ముద్ర అక్షరాల అడుగున మాత్రం ఒక్క గుంటా లేదు; అంచులు చేతికి గీసుకునేంత పదును. తుప్పు పట్టాక కొట్టిన ముద్ర అది. ఆ మాట చెప్పలేక చాలాసేపు అక్షరాలనే చూస్తూ కూర్చున్నాను. ఆయన చేతులు వణికాయి. కొనే ముందే ఆ భూతద్దం పెట్టించండి, దయచేసి.

హాకెన్ కాదంటే ముత్తాత కథ అబద్ధమైపోతుందని కుంగిపోయేవాళ్లకు ఒక మాట: గొట్టం మీద "జె. హెన్రీ" అని ఉంటే ఆ కథకు బలం తగ్గదు, పెరుగుతుంది.

తక్కినవి త్వరగా. బీవర్లను రైఫిల్‌తో కాల్చి చంపేవారా? లేదు, నీళ్లలో ఇనుప ఉచ్చులు పెట్టి పట్టేవారు. రైఫిల్ తిండికి, ప్రాణరక్షణకు. తుపాకీ పొడవున తోళ్లు పేర్చితేనే తుపాకీ ఇచ్చేవారా? తోళ్ల వ్యాపారం చేసే హడ్సన్స్ బే కంపెనీ ధరలు ముందే తోళ్ల లెక్కన ఖరారై ఉండేవి, పేర్చి కొలిచే పనే లేదు. గరుకు కాగితంతో తోమితే విలువ పెరుగుతుందా? పోతుంది. అటక మీద దొరికిన తుపాకీలో మందు ఉండదనుకోకండి: తోమడం మాట అటుంచి, తెలిసినవారు చూసేదాకా దాని గుర్రాన్ని (మందును పేల్చే సుత్తిని) కూడా లాగవద్దు.