బండి సీజ్ అయింది, మరి షూరిటీ సంతకం పెట్టినవాళ్ల సంగతి? అపోహలు - వాస్తవాలు

నా దగ్గరకు నోటీసు పట్టుకొని వచ్చే షూరిటీదారుల్లో ఎక్కువ మంది అడిగేది ఒక్కటే. "బండి వాళ్లే తీసుకుపోయారు కదా సార్, ఇంకా నాకెందుకు పంపారు?" బావమరిదికో, పక్కింటి కుర్రాడికో మాట కాదనలేక సంతకం పెట్టినవాళ్లు వీళ్లు. ఆ బండి ఎప్పుడూ ఎక్కి ఉండరు, కిస్తీలు ఎప్పుడు ఆగాయో కూడా తెలియదు. లాయర్‌గా ఇన్నేళ్లు చూసినా వాళ్ల టెన్షన్ చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

అపోహ: బండి సీజ్ చేశారంటే లోన్ తీరిపోయినట్టే.

తీరదు. ఫైనాన్స్ వాళ్లు బండిని అమ్మి, వచ్చిన డబ్బు బాకీలో జమ వేసుకొని, మిగిలింది మళ్లీ అడుగుతారు. బాకీ 6 లక్షలు ఉంది, బండి 3 లక్షల 40 వేలకు పోయింది, సీజింగ్ ఖర్చులు, యార్డు అద్దె కలిపి 25 వేలు వేశారు అనుకోండి, ఇంకా 2 లక్షల 85 వేలు మిగిలే ఉంటుంది, దాని మీద వడ్డీ వేరే.

అపోహ: ముందు లోన్ తీసుకున్నవాణ్ణి అడిగి, అక్కడ రాకపోతేనే నా దగ్గరకు రావాలి.

1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే. అసలు వ్యక్తి దగ్గర వసూలు ప్రయత్నం పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదని 1969లోనే బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టి ఉంటే మీరు షూరిటీ కూడా కాదు, నేరుగా అప్పుదారే. మీ సంతకం కింద ఏం రాసి ఉందో ముందు చూసుకోండి.

అపోహ: షూరిటీగా ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే కేసు నా మీదకు రాదు.

వస్తుంది. భర్త మారుతి కారుకు షూరిటీగా ఉన్న భార్య ఇచ్చిన చెక్కు విషయంలో, షూరిటీ చెక్కుకూ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138 సెక్షన్ (చెక్ బౌన్స్ కేసులు పెట్టేది దీని కిందే) వర్తిస్తుందని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: ఒక లెటర్ ఇచ్చి షూరిటీ నుంచి తప్పుకోవచ్చు.

లోన్ డబ్బు ఇచ్చేశాక ఫైనాన్స్ వాళ్లు ఒప్పుకుంటే తప్ప కుదరదు.

అపోహ: కట్టడం తప్ప షూరిటీ చేయగలిగింది ఏమీ లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. కాంట్రాక్ట్ చట్టం 141వ సెక్షన్ ప్రకారం ఆ బండి మీద మీకూ హక్కు ఉంది, మీ అంగీకారం లేకుండా ఫైనాన్స్ వాళ్లు ఆ సెక్యూరిటీని, అంటే అప్పుకు హామీగా ఉన్న బండిని, పోగొడితే దాని విలువ మేరకు మీ బాధ్యత తగ్గుతుంది (ఈ హక్కు వదులుకుంటున్నట్టు అగ్రిమెంట్‌లో క్లాజు ఉందేమో చదవండి, చాలాసార్లు ఉంటుంది). ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం అమ్మే ముందు అప్పుదారుకు కట్టుకోవడానికి చివరి అవకాశం ఇచ్చే ఏర్పాటు అగ్రిమెంట్‌లోనే ఉండాలి. కాబట్టి మీరు కదలాల్సింది బండి సీజ్ అయిందని తెలిసిన రోజే. బాకీ లెక్క, బండి ఉన్న యార్డు, బండికి లెక్కగట్టిన విలువ, అమ్మే తేదీ రాతపూర్వకంగా అడగండి, పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ. యార్డుకు వెళ్లి టైర్లు, బ్యాటరీ, మీటర్ రీడింగ్ కనిపించేలా ఫోటోలు తీయండి. అమ్మాక సేల్ రసీదు అడగండి. ఒకాయన గూడ్స్ ఆటో అమ్మేసిన నాలుగు నెలలకు నా దగ్గరకు వచ్చారు, మరీ తక్కువకు పోయిందని ఆయనకూ తెలుసు, నాకూ అనిపించింది, కానీ ఒక్క ఫోటో లేదు, ఒక్క ఉత్తరం లేదు, దేన్ని చూపించి వాదించాలి?

రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఇది షూరిటీలకూ వర్తిస్తుంది.

చివరికి కట్టక తప్పకపోతే రసీదు మీ పేరు మీదే, గ్యారంటర్‌గా చెల్లించినట్టు రాయించుకోండి. కాంట్రాక్ట్ చట్టం 145వ సెక్షన్ కింద ఆ డబ్బు అసలు అప్పుదారు నుంచి రాబట్టుకోవడానికి అదే ఆధారం, దావా వేయడానికి గడువు మీరు కట్టిన రోజు నుంచి మూడేళ్లు.