అమెరికా ఏ దిక్కున ఉంది?

మలక్‌పేటలో ఉండే మా పిన్ని మొన్న ఫోన్ చేసింది. చికాగోలో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరుతోంది. చిలుకూరులో 108 ప్రదక్షిణాలు అయ్యాయి, మాగాయ సీసా సర్దడమూ అయింది. ఇక మిగిలింది వారశూల, అంటే ఏ వారం ఏ దిక్కుకి ప్రయాణం కూడదో చూసుకోవడం.

"శుక్ర, ఆదివారాలు పడమటికి శూలరా. తక్కిన ఏ రోజు టికెట్ కొన్నా పర్లేదు కదా?"

శూల మీద నాకు నమ్మకం లేదు. కానీ చికాగో పడమటన ఉందని పిన్నికి ఎవరు చెప్పారు? శంషాబాద్ నుంచి అతి దగ్గర దారి పట్టిన విమానం ఉత్తరానికి వెళ్తుంది, 12 డిగ్రీలు మాత్రం పడమటికి ఒరిగి.

ఒక కమలాపండు ఒలవండి. తొడిమ చోటు ఉత్తర ధ్రువం, తొనల మధ్య గీతలు రేఖాంశాలు. నడుముకి కాస్త పైన ఓ లవంగం గుచ్చండి, అది హైదరాబాద్. దాదాపు అవతలి పక్కన, ఇంకాస్త పైన మరొకటి చికాగో. రెంటికీ దారం కట్టి బిగించండి. దారం నడుము చుట్టూ నిలవదు, జారి తొడిమ దగ్గరికి పోతుంది. మన బడుల్లో పటాన్ని గోడకి తగిలించి, గ్లోబుని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పిన్ని పడమర అక్కడిదే.

ఇప్పుడు లెక్క. అక్షాంశాలు 17.2, 42, రేఖాంశాల తేడా 166.3 డిగ్రీలు. గోళ త్రికోణమితి ప్రకారం భూకేంద్రం దగ్గర రెండు ఊళ్ల మధ్య కోణం 119.5 డిగ్రీలు, డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున సుమారు 13,300 కిలోమీటర్లు. గోడ పటం మీద స్కేలు పెట్టి గీసిన దారినే పోతే 16,100.

నన్ను కట్టిపడేసేది మాత్రం దిక్కు. దారం ఎక్కడా వంకర తిరగదు. కింద తొనలే ఒకదాని మీదికొకటి ఒరుగుతూ తొడిమ దగ్గర కలుస్తాయి. అందుకే దారానికీ తొన గీతకీ మధ్య కోణం పెరుగుతూ పోతుంది. అక్షాంశపు కొసైన్‌ని ఆ కోణపు సైన్‌తో గుణిస్తే దారంతా ఒకటే విలువ. హైదరాబాద్‌లో 12 డిగ్రీలున్న కోణం ఉరల్ పర్వతాల దగ్గర, 60వ అక్షాంశంలో, 23 అవుతుంది. 70లో 34, 75లో 48. గ్రీన్‌లాండ్ తూర్పు తీరం దాపుల్లో, 79 దగ్గర, సరిగ్గా 90. పిన్ని చెప్పిన పడమర అక్కడ తగులుతుంది, అదీ ఒక్క క్షణం. ఆపైన దిగుడు, దక్షిణానికి.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా బోయింగ్ 777-200ఎల్‌ఆర్‌తో ఈ రెండు ఊళ్ల మధ్య ఎక్కడా ఆగని సర్వీసు మొదలుపెట్టింది. గంటకి 900 కిలోమీటర్ల చొప్పున పదిహేను గంటల్లోపే చేరాలి, కానీ గాలులూ చుట్టుతిరుగుళ్లూ ఉంటాయి. హిమాలయాలు, టిబెట్ మీద విమానాలు తిరగడం తక్కువ. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే వెంటనే 10,000 అడుగులకి దిగాలి, అక్కడేమో కొండలే అంతకన్నా ఎత్తు. మాస్కులో ఆక్సిజన్ వచ్చేది పావుగంటో, ఇంకాస్తో.

ఇదంతా విని పిన్ని వేళ్లు మడిచింది. ఉత్తరానికి మంగళ, బుధ, పడమటికి శుక్ర, ఆది, దక్షిణానికి గురువారం. "అయితే సోమవారమో శనివారమో కొనెయ్" అంది.

మరి తిరుగు టికెట్? చికాగో నుంచీ విమానం ముందు ఉత్తరానికే ఎక్కుతుంది, పైన తూర్పుకి తిరుగుతుంది, తర్వాత దక్షిణానికి దిగుతుంది. తూర్పు శూల సోమ, శని. మిగిలేవి శుక్ర, ఆదివారాలు, ఆవిడ మొదట్లోనే కొట్టేసినవి.