కాంగ్రెస్‌లో నెగ్గనిది కోర్టులో నెగ్గింది

అమెరికాలో గే, లెస్బియన్ ఉద్యోగులను ఏరి మరీ తీసేసిన యజమానుల్లో ప్రభుత్వానిదే పెద్ద పేరు. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఇచ్చిన 10450వ ఉత్తర్వు ‘లైంగిక వక్రత’ను దేశభద్రతకు ముప్పుల జాబితాలో చేర్చింది. శత్రువులు బ్లాక్‌మెయిల్ చేస్తారన్నది సాకు. ఉద్యోగం ఊడుతుందన్న భయం లేకపోతే బ్లాక్‌మెయిల్‌కు సందెక్కడిదన్న ప్రశ్న ఏలినవారికి పట్టలేదు.

ఆర్మీ మ్యాప్ సర్వీసులో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ కామెనీ ఉద్యోగం 1957లో అలాగే పోయింది. పిటిషన్ తనే రాసుకుని సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. 1961లో కోర్టు దాన్ని విచారణకే తీసుకోలేదు. ఆయన మాత్రం పోరు వదల్లేదు. సివిల్ సర్వీస్ కమిషన్ 1975లో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. కామెనీకి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది మాత్రం 2009లో, ఆయనకు 84 ఏళ్లు వచ్చాక.

ప్రైవేటు ఉద్యోగులకు ఆ ఊరటా లేదు. రాష్ట్రాల్లో మొదట విస్కాన్సిన్ 1982లో ఈ వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. దేశమంతటికీ అలాంటి చట్టం తెచ్చే బిల్లు 1996లో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో, దాని ఎగువ సభ సెనేట్‌లో 49-50తో, ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. తర్వాత 2007లో దిగువ సభ సరేనంది, 2013లో సెనేట్ సరేనంది. రెండూ కలిసి సరేనన్న రోజు రాలేదు.

దారి చివరికి పాత చట్టంలోనే దొరికింది. జాతి, వర్ణం, మతం, లింగం, జాతీయ మూలాల ఆధారంగా ఉద్యోగుల పట్ల వివక్ష చూపడాన్ని 1964 పౌరహక్కుల చట్టంలోని ఏడో అధ్యాయం నిషేధిస్తుంది. ఇందులోని ‘లింగం’ కిందికి లైంగిక అభిరుచి రాదని కింది కోర్టులు దశాబ్దాల పాటు చెబుతూ వచ్చాయి. జార్జియాలోని క్లేటన్ కౌంటీ ఉద్యోగి జెరాల్డ్ బోస్టాక్ ఒక గే సాఫ్ట్‌బాల్ లీగ్‌లో చేరాక ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 2020 జూన్ 15న సుప్రీంకోర్టు 6-3తో అతని వాదనను అంగీకరించింది. తీర్పు రాసింది ట్రంప్ నియమించిన, సంప్రదాయవాదిగా పేరుపడ్డ జస్టిస్ గోర్సచ్. ఆయన తర్కం సూటిగా ఉంది: మగవాణ్ణి ఇష్టపడే మహిళా ఉద్యోగిని ఉంచి, అలాగే ఇష్టపడే మగ ఉద్యోగిని తీసేస్తే, తేడా అతను మగవాడు కావడమే కదా!

అదే తీర్పు ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకూ రక్షణ ఇచ్చింది. ఆ కేసులో పోరాడిన ట్రాన్స్‌జెండర్ ఉద్యోగి ఎమీ స్టీఫెన్స్ తీర్పుకు నెల ముందే కన్నుమూశారు. మత సంస్థల మినహాయింపుల సంగతిని కోర్టు తర్వాతి కేసులకు వదిలేసింది. ఏడో అధ్యాయం 15 మందికి తక్కువ ఉద్యోగులున్న సంస్థలకు వర్తించదు. అక్కడ పనిచేసేవాళ్లకు ఇప్పటికీ రాష్ట్రాల, నగరాల చట్టాలే దిక్కు.